లెక్కకు రాని మూడు యూనిట్లు

2, సోమవారం. మీటరు: 12 యూనిట్లు.

డాబా మీద ఎనిమిది సోలార్ పలకలు బిగించి వెళ్లారు. కోడలి బన్నుల సంపాదనతో వచ్చినవి కాబట్టి మనవరాలు వాటిని "అమ్మ పలకలు" అంటోంది. నేను పలకలు అంటున్నాను.

ఈ రోజు నుంచి షరతు అమల్లోకి వచ్చింది. ఓవెన్ రాకముందు ఈ ఇల్లు రోజుకు ఏడు యూనిట్లతో గౌరవంగా బతికింది. కోడలు ఆస్పత్రి క్యాంటీనుకు రోజూ నూట ఇరవై బన్నులు ఇస్తానని ఒప్పుకున్నప్పటి నుంచి తెల్లవారుజామునే ఓవెన్ వెలుగుతోంది. రోజూ పొద్దున ఏడింటికి నేను మీటరు చూసేసరికి ముందు రోజు వాడకం పన్నెండు. పన్నెండుకు ఓర్చుకున్నాను. అంతకు మించితే ఓర్చుకోను. ఆ మాటే మీటరు పుస్తకంలో రాశాను: "ఈ నెల 2 నుంచి 30 వరకు ఇంటి సగటు వాడకం రోజుకు 12 యూనిట్లు దాటినచో ఓవెన్ ఇంటి నుండి తొలగించబడును."

కోడలు చదివి నవ్వింది. "పన్నెండేంటత్తయ్యా! సోలార్ కలిపాక మళ్లీ ఏడుకి దించి చూపిస్తా. పెన్నివ్వండి."

సంతకం పెట్టింది. తేదీ వేయలేదు. నేను వేశాను.

3, మంగళవారం. 12.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం జేబులు వెతుక్కుంటాడు. "కంగారేం లేదండి" అన్నది ఊతపదం. ఎవరూ కంగారు పడకముందే అంటాడు. అన్నాక పడాల్సి వస్తుంది.

నడవలోని మెయిన్ బోర్డు మూత తీశాడు. ఆ బోర్డు మావారు దగ్గరుండి బిగించుకున్నది. ప్రతి స్విచ్ కింద ఆయన చేతిరాతతో పేరు. ముందు గది. వంటిల్లు. మోటారు. పిల్లాడి గది. పిల్లాడికి ఇప్పుడు నలభై ఒకటి.

"పలకల నుంచి తీగ ఇన్వర్టర్లోకొస్తుందండి. ఇన్వర్టర్ నుంచి ఈ బోర్డులోకి రావాలి. దానికో స్విచ్ పెట్టాలి. పన్నెండు గళ్లూ నిండిపోయాయి" అన్నాడు. తరువాత చివరి గడి దగ్గర వేలు ఆపాడు. "ఇదేంటమ్మగారూ?"

"చదవడం రాదా?"

"వచ్చండి. 'ముట్టుకోవద్దు' అనుంది. దేన్ని?"

"దాన్నే."

"అంటే, ఇది ఏ గదిదీ అని."

"ముట్టుకోలేదు కాబట్టి తెలియదు."

"ఎన్నాళ్లనుంచండీ?"

"ముప్పై ఏళ్ల నుంచి."

నుదుటి మీద కళ్లజోడు కళ్ల మీదికి లాక్కుని నన్ను చూశాడు. ఆ గడి తీసేస్తే చోటు దొరుకుతుందట. కుదరదన్నాను. అబ్బాయి మధ్యలోకి వచ్చి, "అమ్మా, నాన్న పోయి పదకొండేళ్లయింది" అన్నాడు. ఆ సంగతి నాకు వాడు చెప్పాలా!

రేపు ఆ తీగ ఎటు పోతుందో చూశాక నిర్ణయిస్తానని చెప్పి పంపించాను.

4, బుధవారం. 12.

తీగ గోడలోంచి మెట్ల కింది గదిలోకి పోయింది. ఇనుప బీరువా వెనక సాకెట్. సాకెట్ పక్కన ముక్కాలి పీట. పీట మీద కరెంటు కెటిల్, ఒక కప్పు, చక్కెర డబ్బా. చక్కెర రాయిలా గట్టిపడింది.

డాక్టరు మావారికి రోజుకు రెండు కప్పుల టీ అన్నాడు, చక్కెర లేకుండా. నేను రెండే ఇచ్చాను. కొలిచి ఇచ్చాను.

మెట్ల కింది గది ఊడ్చడం ఒక్కటే ఆయన నేను చెప్పకుండా చేసిన ఇంటిపని. రోజూ సాయంత్రం ఆరింటికి ఊడ్చేవారు. శుభ్రం మీద శ్రద్ధ అనుకున్నాను.

కోడలు మూతికి చేయి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. లోపల నవ్వు వినిపించింది. అబ్బాయి పీట మీద కూర్చుని, "ఇక్కడ భలే చల్లగా ఉందమ్మా" అన్నాడు.

కెటిల్ తోమి బీరువాలో పెట్టాను. గడి తీసేయమన్నాను. పేరు రాసిన కాగితం మాత్రం చిరగకుండా ఊడదీసి ఇమ్మన్నాను.

5, గురువారం. 12.

పాత మీటరు పుస్తకాలు తీశాను. ఏ పరికరం ఎన్ని గంటలు నడిచిందో కట్టి, నెలాఖరున మీటరుతో పోల్చడం నా పద్ధతి. చివరి గడి "తేడా". పంతొమ్మిదేళ్లు ప్రతి నెలా తేడా 3. మూడు యూనిట్లు ఎక్కడ పోతున్నాయో తెలియక కరెంటాఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను. పదకొండేళ్ల క్రితం తేడా సున్నా అయింది. ఆ గడి పక్కన "మీటరు దారికొచ్చింది" అని నేనే రాసి ఉంది.

యాదృచ్ఛికం.

6, శుక్రవారం. 12.

కనెక్షన్ పూర్తయింది. ఇన్వర్టరు నడవ గోడకు, బోర్డు పక్కనే. ఆయన గడిలో కొత్త స్విచ్. దానికి ఎలక్ట్రీషియన్ ఎర్ర అట్ట కట్టాడు: "మీటరు మారేవరకు పైకెత్తవద్దు."

"కరెంటాఫీసు వాళ్లొచ్చి కొత్త మీటరు పెట్టాలమ్మగారూ. రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఇది కిందే ఉండాలి. ఎందుకంటే పాత మీటరుకి..."

"ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు, కొలతల ఆఫీసులో పనిచేశాను. సగం ఊరి తక్కెళ్లకు సీలు వేసిన చెయ్యి ఇది."

"అయితే కంగారేం లేదండి" అని మెట్లు దిగిపోయాడు.

పలకలు రోజుకు ఎంత ఇస్తాయని కిటికీలోంచి అడిగాను. ఎండ బాగుంటే పదమూడు యూనిట్లట.

7, శనివారం. 12. ఎండ చాలా బాగుంది.

8, ఆదివారం. 12.

ఎండ. రెండు రోజులకు ఇరవై ఆరు యూనిట్లు గాల్లో కలిశాయి. ట్యాంకు నిండి పొంగుతుంటే మోటారు ఆపకుండా చేతులు కట్టుకుని కూర్చున్నట్టుంది. ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అబ్బాయి ఆ ఎండలో తలగుడ్డ ఆరేసుకుని, "పదినిమిషాల్లో ఆరిపోయింది చూశావా" అని మురిసిపోయాడు.

9, సోమవారం. 12.

బోర్డు దుమ్ము తుడిచాను. గుడ్డ తగిలి ఎర్ర అట్ట ముడి ఊడితే మళ్లీ కట్టాను. నా ముడి మొదటిదానికంటే గట్టిగా ఉంది. తుడుస్తున్నప్పుడు స్విచ్ పైకి వెళ్లింది. పైకెత్తవద్దని అట్ట మీద ఉంది; పైకి వెళ్లినదాన్ని దించమని ఎక్కడా రాసి లేదు.

ఇన్వర్టరులో ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. చూడముచ్చటగా ఉంది. దుమ్ము పడకుండా మనవరాలి పాత తువ్వాలు కప్పాను.

10, మంగళవారం. 17.

రెండుసార్లు చూశాను. పదిహేడే.

11, బుధవారం. 21.

ఇరవై ఒకటి! ఈ ఇంటి చరిత్రలో లేదు. అబ్బాయి పెళ్లినాడు ఇంటినిండా దీపాలు పెట్టినప్పుడు కూడా పంతొమ్మిది దాటలేదు.

12, గురువారం. 21.

భోజనాల దగ్గర విచారణ జరిపాను. అబ్బాయి నిలబడే తిన్నాడు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్న రోజు వాడు ఎప్పుడూ కూర్చోడు.

"ఓవెన్ ఎన్ని గంటలు వేస్తున్నావమ్మాయ్?"

"ఎప్పుడూ వేసినంతే అత్తయ్యా. మీరే వంటింటి గోడ మీద గంటల లెక్క గీతలు పెడుతున్నారుగా."

"గీతలు నువ్వు చెప్పినవి. మీటరు చెప్పింది ఇరవై ఒకటి."

"ఓవెన్ కరెంటు తింటే బన్నులొచ్చాయి. నూట ఇరవై. క్యాంటీనాయన లెక్కబెట్టుకుని తీసుకున్నాడు. మిగతా తొమ్మిది యూనిట్లు తిన్నవాళ్లెవరో బన్నులు చూపించమనండి."

మనవరాలికి నవ్వొచ్చి నీళ్లు ముక్కులోకి పోయాయి. చదువుకొమ్మని లోపలికి పంపాను.

13, శుక్రవారం. 20.

ఓవెన్ పాతబడితే ఎక్కువ లాగుతుంది. అంతే అయి ఉంటుంది. ఇంట్లో ఈ మధ్య మారింది ఇంకేమీ లేదు.

ఇన్వర్టరు మీద తువ్వాలు సరిచేశాను.

14, శనివారం. 21.

సగటు ఈ రోజుకు పదిహేను దాటింది. కోడలికి పుస్తకం చూపించాను.

వేలు పెట్టి ఒక్కో అంకే చదివింది. చేతికి పిండి ఉంది. పేజీ అంచున వేలిముద్ర పడింది. "సరే అత్తయ్యా. రేపట్నుంచి ఓవెన్ ఆపేస్తాను. క్యాంటీనాయన్ని పది రోజులు ఆగమంటాను. ఆపినా మీటరు ఇలాగే తిరిగిందనుకోండి, నాకు క్షమాపణ కావాలి. నోటితో కాదు. ఇదే పుస్తకంలో, మీ చేత్తో."

"రాస్తాను. ఆ అవసరం రాదు" అన్నాను.

పుస్తకంలో ఆ ఒప్పందమూ ఎక్కించాను. ఆమె సంతకం పెట్టింది. తేదీ మళ్లీ వేయలేదు.

15, ఆదివారం. 16.

ఓవెన్ లేకుండా పదహారు. ఏడు రావాలి.

కోడలు నా పక్కనుంచి వెళ్తూ పుస్తకం మీద ఒక పెన్ను పెట్టి వెళ్లింది.

16, సోమవారం. 16.

పెన్ను ఇంకా అక్కడే ఉంది. విచారణ పూర్తి కాలేదని చెప్పాను. పైగా షరతులో "ఇంటి సగటు" అని ఉంది. ఎవరివల్ల అన్న మాట లేదు. అది విని కోడలు, "ఆఫీసులో మీ దగ్గరికొచ్చిన కొట్లవాళ్లు పాపం ఎలా బతికారో" అంది.

ఈ రోజు నుంచి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లో ఏ స్విచ్ వేయకూడదు. ఫ్రిజ్‌తో సహా.

17, మంగళవారం. 18.

అన్నీ ఆపితే పెరిగింది. పాలు విరిగాయి.

18, బుధవారం. 18.

పొద్దుటి నుంచి ఎడతెగని వాన. ఫ్యాన్లు లేక అందరూ ముందు గదిలో విసనకర్రలతో కూర్చున్నారు. మనవరాలు నిమిషానికి ఎన్నిసార్లు విసురుతోందో లెక్కపెడుతోంది. లెక్కల పట్ల శ్రద్ధ నా పోలిక.

19, గురువారం. 6.

ఆరు! నా కట్టడి ఫలించింది. అందరినీ పిలిచి అభినందించాను. అబ్బాయి చప్పట్లు కొట్టాడు. కోడలు కొట్టలేదు.

ఎండ మళ్లీ వచ్చింది.

20, శుక్రవారం. 18.

21, శనివారం. 18.

క్యాంటీనాయన కబురు పెట్టాడు. బుధవారం దాకా చూస్తాడట. ఆ తరువాత ఇంకెవరికైనా ఇచ్చేస్తాడట.

కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తూ వీపు నావైపే ఉంచి చెప్పింది. "పొద్దున్నే లేచి పిండి కలిపేటప్పుడు ఈ ఇంట్లో నాది అంటూ ఒకటుందనిపించేదత్తయ్యా. పోన్లెండి. బేకరీ ఆయన ఓవెన్ కొంటానన్నాడు. బుధవారమే రమ్మన్నాను. మీ షరతు నెలాఖరుదాకా ఆగక్కర్లేదు, నేనే పంపించేస్తా."

తీగ మీద క్లిప్పులు సమానమైన దూరంలో పెట్టలేదు. సరిచేద్దామని చేయి ఎత్తి, దించేశాను.

22, ఆదివారం. 18.

ఉదయం లెక్క కట్టాను. సగటు పన్నెండుకు రావాలంటే మిగిలిన రోజుల్లో రోజుకు మూడు యూనిట్లు మించకూడదు. అది ఈ ఇంట్లో జరగదు.

మీటరునే అనుమానించాల్సిన సమయం వచ్చింది. తక్కెడను పరీక్షించాలంటే ముందు పళ్లెం ఖాళీ చేయాలి. పళ్లెంలో ఏమీ లేనప్పుడు ముల్లు కదిలితే తప్పు తక్కెడది. ఆఫీసులో చేరిన మొదటి రోజు నేర్పిన పాఠం.

అందరూ బయటికి వెళ్లారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు బోర్డు తెరిచాను. మెయిన్ స్విచ్ ఉంచి, మిగతావన్నీ ఒక్కొక్కటి దించాను. ముందు గది, వంటిల్లు, మోటారు, పిల్లాడి గది. ఎర్ర అట్ట ఉన్నదాన్ని వదిలేశాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

వీధి వసారాలోని మీటరు దగ్గరికి వెళ్లాను. వాడకం ఉంటే అందులో ఎర్ర దీపం మిణుకుమంటుంది. ఇల్లు మొత్తం ఆపేశాను కాబట్టి మిణుకుమనకూడదు.

ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే లెక్కపెట్టలేకపోయాను.

లోపలికి వచ్చాను. బోర్డు ముందు కాసేపు నిలబడ్డాను. ఎర్ర అట్ట స్విచ్ దించాను. వసారాలోకి వెళ్లాను. దీపం ఆగిపోయింది. వచ్చి ఎత్తాను. వెళ్లి చూశాను, కొట్టుకుంటోంది. దించాను. ఆగింది. మూడుసార్లు చేయాలి, ఆఫీసు నియమం. మూడోసారి తిరిగేసరికి మోకాళ్లు నొప్పి పుట్టాయి.

ఇంట్లో వాడేవాళ్లు లేక పలకల కరెంటు వీధి తీగలోకి వెళ్లిపోతోంది. ఈ పాత మీటరుకు రాకకూ పోకకూ తేడా తెలియదు. లోపలికి వచ్చినదాన్నీ లెక్కవేసింది, బయటికి పోయినదాన్నీ మన వాడకంలోనే వేసింది. మేము ఎంత పొదుపు చేస్తే అంత ఎక్కువ బయటికి పోయింది, అంత ఎక్కువ తిరిగింది. వాన పడిన రోజు పలకలు పని చేయలేదు, అందుకే మర్నాడు ఆరు. నేను అందరినీ పిలిచి అభినందించాను.

ఎలక్ట్రీషియన్ "ఎందుకంటే" అన్నాడు. అక్కడ ఆపాను అతన్ని.

మిగతావన్నీ ఎత్తి, ఆ స్విచ్ దించే ఉంచాను. పగటి కట్టడి ఎత్తేశాను.

23, సోమవారం. 12.

ఈ రోజు ఏమీ రాయడానికి లేదు.

మధ్యాహ్నం. కెటిల్ తీసి చూశాను. కనీసం లీటరు పోయనిదే నడవని రకం. లీటరు నీళ్లు మరగడానికి యూనిట్‌లో పదో వంతు. రోజుకు ఒకసారి. ముప్పై రోజులు.

మూడు.

ఆయన ఒక కప్పు టీ కోసం ఒక తీగ, ఒక సాకెట్, ఒక స్విచ్, ఒక అబద్ధం పెట్టుకోవాల్సి వచ్చింది. అడిగితే ఇచ్చేదాన్నేమో. ఇచ్చేదాన్ని కాదు. కొలిచేదాన్ని.

24, మంగళవారం. 7.

అబ్బాయి పుస్తకం చూసి, "ఏడు! అమ్మ పట్టుదలంటే పట్టుదలే. దారిలో పెట్టావమ్మా" అన్నాడు. మజ్జిగ తాగుతున్నాను కాబట్టి జవాబు చెప్పలేదు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగాను.

రేపు కరెంటాఫీసు మనిషి వస్తున్నాడు. పాత మీటరు విప్పి తీసుకుపోతాడు. మీటరు పోతే పాత అంకెలతో ఎవరికీ పని ఉండదు. కొత్త మీటరు సరిగ్గానే చూపిస్తుంది. ఓవెన్ పోయింది, వాడకం తగ్గింది అని అందరూ అనుకుంటారు. అంకెలు ఎలాగూ తప్పు కావు. రాసినవన్నీ మీటరు చూపినవే. ఒక్క అంకె కూడా నేను మార్చలేదు.

నేను ఒక్క అంకె కూడా మార్చలేదు.

పెన్ను ఇంకా పుస్తకం మీదే ఉంది.

25, బుధవారం. 7.

పదింటికి ముగ్గురూ ఒకేసారి వచ్చారు. మీటరు మార్చే మనిషి నిచ్చెనతో, ఎలక్ట్రీషియన్ సంచితో, బేకరీ ఆయన తోపుడు బండితో. గుమ్మంలో ముందెవరు వెళ్లాలన్న మర్యాదలు అయ్యేసరికి ఐదు నిమిషాలు.

బేకరీ ఆయన ఓవెన్ తలుపు తెరిచి మూసి, "తలుపు వదులైంది, పాత సరుకు" అన్నాడు. కోడలు, "వదులైంది తలుపే, మాట కాదు. ఒప్పుకున్న రేటు ఒప్పుకున్నదే" అంది. గొంతు మామూలుగానే ఉంది. చేత్తో ఓవెన్ పైభాగం తుడుస్తోంది. అక్కడ మరక ఏమీ లేదు.

నడవలో ఎలక్ట్రీషియన్ కేక వినబడింది. "ఇన్వర్టరుకి తువ్వాలు కప్పారేంటండీ? చలేస్తోందనా?"

"అది నా తువ్వాలు!" అని మనవరాలు పరిగెత్తింది.

"ఈ అట్టకి ముడి కూడా నాది కాదే. నేను ముడి ఇలా వేయను. ఇది పార్సెల్ ముడి."

పార్సెల్ ముడి కాదు, సీలు ముడి. ముప్పై ఒక్క ఏళ్లు వేశాను. ఎవరైనా నడవలోకి వచ్చి గుర్తుపట్టేలోగా నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఆ ఓవెన్ కదలడానికి వీల్లేదు. అది జప్తులో ఉంది."

"ఎవరి జప్తండీ?" అన్నాడు బేకరీ ఆయన.

"నాది."

మీటరు పుస్తకం తెరిచి పొద్దున్న రాసినది చదివాను. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"ఈ నెల 9న సోలార్ స్విచ్ వేసింది నేను. దుమ్ము తుడవలేదు, ఆ రోజు బోర్డు మీద దుమ్ము లేదు. 10 నుంచి 23 వరకు పెరిగిన వాడకం ఓవెన్‌ది కాదు, ఇంట్లో ఎవరిదీ కాదు, నాది. తెలిశాక కూడా రెండు రోజులు చెప్పలేదు. కోడలి మీద వేసిన నింద తప్పు. క్షమాపణ కోరుతున్నాను. షరతు రద్దు. పెరిగిన బిల్లు నా పింఛనులోంచి."

పుస్తకం మూశాను. ఎలక్ట్రీషియన్, "కంగారేం లేదండి" అన్నాడు.

వసారాలో నిచ్చెన ఎక్కిన మనిషికి కూడా పుస్తకం అందించబోయాను. విచారణకు పనికొస్తుందని చెప్పాను. "మాకు ఆఖరి రీడింగ్ చాలండి" అని నంబరు రాసుకున్నాడు. పద్నాలుగు రోజుల నేరం అతనికి అక్కర్లేకపోయింది.

కోడలు పుస్తకం తీసుకుంది. మొదటినుంచి చదివింది. చదువుతుంటే పెదవి వణికింది, ఏడుస్తుందనుకున్నాను. కిందపెదవి కొరుక్కుని, "పాలు విరగ్గొట్టారు. ఫ్యాన్లు కట్టేశారు. పిల్ల చేత విసిరించారు" అంది. ఒక్కొక్కటి చెబుతుంటే నవ్వు ఎక్కువైంది. చివరికి ఓవెన్‌కు ఆనుకుని కూర్చుండిపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అబ్బాయి ఎటువైపు నిలబడాలో తెలియక బేకరీ ఆయనకు మంచినీళ్లు ఇచ్చాడు.

"సంతకం ఉంది, తేదీ లేదత్తయ్యా" అంది కోడలు.

నిజమే. నేను తేదీ వేయలేదు. ఆమె వేసింది.

తరువాత క్యాంటీనుకు ఫోను చేసింది. "ఇవాళ బుధవారమే కదండీ... రేపు పొద్దున పంపిస్తున్నాను. నూట ఇరవై." బేకరీ ఆయన ఖాళీ బండి తోసుకుంటూ, ఈ ఇంటికి ఇంకెప్పుడూ రానని చెప్పి వెళ్లాడు. రావాల్సిన పని కూడా లేదు.

26, గురువారం. కొత్త మీటరు.

ఓవెన్ ఆగింది పదకొండు ఉదయాలు. పదకొండు ఉదయాలు బన్నుల పని నేను కూడా చేస్తానని శిక్ష వేసుకున్నాను. పిండి ముద్దలు తూచి పెట్టడం నా వంతు. అరవై గ్రాములు. అరవై ఒకటి వచ్చిన వాటిని గిల్లాను.

"అత్తయ్యా, బన్నులండీ. బంగారం కాదు."

"కొనేవాడికి తెలియదనా?"

"తినేవాళ్లు జ్వరంతో ఉంటారు. వాళ్లు తూచుకోరు."

అరవై ఒకటి ఉన్నవాటిని వదిలేయడం అలవాటు చేసుకుంటున్నాను. అరవై రెండు దగ్గర ఇంకా చేయి ఆగడం లేదు.

28, శనివారం.

కొత్త మీటరుకు మూడు గళ్లు గీశాను: వచ్చింది, పోయింది, పలకలిచ్చింది. ఎలక్ట్రీషియన్‌ను కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పమన్నాను. మధ్యలో అడ్డు రాలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగాను.

వెళ్లబోతుంటే ఇంకో పని చెప్పాను. బోర్డు పక్కన చిన్న పెట్టె బిగించి, మెట్ల కింది సాకెట్‌కు మళ్లీ తీగ ఇమ్మన్నాను.

"అక్కడ ఏం నడుపుతారమ్మగారూ?"

"నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు."

కళ్లజోడు దించుకుని చూశాడు, కానీ ఊతపదం అనలేదు. కొత్త స్విచ్ కింద ఆయన కాగితాన్ని నేనే అంటించాను. "ముట్టుకోవద్దు." కెటిల్, కడిగిన కప్పు, కొత్త చక్కెర డబ్బా పీట మీద పెట్టి తలుపు దగ్గరగా వేశాను.

తరువాతి నెల 31, గురువారం.

నెల లెక్క. పలకలిచ్చింది 398. బయటికి పోయింది 309. బయటినుంచి వచ్చింది 274. ఇంటి వాడకం 363. పరికరాల వారీగా నేను కట్టింది 360. ఓవెన్‌తో సహా.

సాయంత్రం ఆరింటికి మెట్ల కింద ముక్కాలి పీట జరిగిన చప్పుడు వినిపిస్తోంది. కొన్ని రోజులు అది అబ్బాయి అడుగు. ఎక్కువ రోజులు కోడలిది. మెట్లు దిగేముందు గట్టిగా దగ్గుతున్నాను. నిన్న దగ్గడం మరిచి దిగితే తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి రెండో కప్పు నా చేతికిచ్చి మళ్లీ లోపలికి పోయింది. చక్కెర ఎక్కువైంది. తాగాను.

తేడా: 3. సరిపోయింది.